విహారయాత్రల్లో ‘నిద్ర’లకు చోటివ్వండి

సంపాదకులు గారికి నమస్కారాలు.

సెలవులు దగ్గరపడేసరికి మీ పత్రిక లోపలి పేజీల నిండా విహారయాత్రల ప్రకటనలు కనిపిస్తాయి. ‘అయిదు రాత్రులు – తొమ్మిది ప్రదేశాలు’, ‘ఒక్క రోజులో పంచారామాలు’ అన్న మాటలు లావు అక్షరాల్లో ఉంటే, భోజనం మనమే చూసుకోవాలన్న సంగతి సన్న అక్షరాల్లో ఉంటుంది. అందులో వాళ్ల తప్పేమీ లేదు. మనం అడిగేదే వాళ్లు అమ్ముతున్నారు. అయితే ప్రదేశాలను లెక్కపెట్టుకుని తిరిగే ఈ పద్ధతిలో యాత్ర అన్నది ఎంత మిగులుతోందన్న అనుమానం నన్ను చాలాకాలంగా వేధిస్తోంది. ఆ అనుమానాన్నీ, దానికి నాకు దొరికిన చిన్నపాటి జవాబునూ పాఠకులతో పంచుకుందామని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మూడేళ్ల క్రితం దసరా సెలవుల్లో మా కుటుంబమంతా ఒక ట్రావెల్స్ వారి బస్సులో ఆరు రోజుల్లో పదకొండు ప్రదేశాలు చూసి వచ్చాం. తెల్లవారుజామున నాలుగున్నరకు లాడ్జి గది తలుపు కొట్టేవారు. మైసూరు ప్యాలెస్‌కు గంట, ఊటీ తోటకు నలభై నిమిషాలు, దారిలో తగిలిన జలపాతాలకు ఇరవై నిమిషాల చొప్పున కేటాయించారు. ఆ ఇరవైలో పది మరుగుదొడ్ల దగ్గర వరసలో నిలబడటానికే పోయేవి. ఇంటికి వచ్చిన వారానికి మా మనవడు ఫోన్‌లో ఫొటోలు జరుపుతూ ఒక జలపాతం దగ్గర ఆగి, ‘‘తాతయ్యా, ఇది ఎక్కడిది?’’ అని అడిగాడు. నేను ఊటీ అన్నాను, మా ఆవిడ కొడైకెనాల్ అంది, మా అబ్బాయి ఇంకేదో ఊరి పేరు చెప్పాడు. చివరకు ఫొటో తీసిన తేదీ, సమయం చూసి లెక్క కడితే ముగ్గురం తప్పేనని తేలింది. ఆ ఫొటోలో మేమందరం నవ్వుతూనే ఉన్నాం.

మా నాయనమ్మ తరం వాళ్లు యాత్ర గురించి మాట్లాడిన తీరు వేరు. ఏ క్షేత్రం పేరెత్తినా ఆవిడ ‘చూసి వచ్చాను’ అనేది కాదు, ‘నిద్ర చేసి వచ్చాను’ అనేది, అంటే అక్కడ రాత్రి గడిపి వచ్చానని. ఆ మాట ఇంకా పూర్తిగా చచ్చిపోలేదు. నెల్లూరు జిల్లా గొలగమూడికి శనివారం రాత్రి నిద్ర చేయడానికి వెళ్లేవాళ్లు ఈనాటికీ ఉన్నారు. అదే జిల్లాలోని కసుమూరు దర్గాకు అన్ని మతాలవాళ్లూ వెళ్లి నిద్ర చేసి వస్తారు. కాశీకి పోయే తెలుగువాళ్లయితే తల్లి గర్భంలో ఉన్న తొమ్మిది నెలలకు గుర్తుగా అక్కడ తొమ్మిది రాత్రులు ఉండాలని పట్టుబడతారు. కేదార్ ఘాట్, మానససరోవర్ ఘాట్ చుట్టుపక్కల సందుల్లో తెలుగు సత్రాలు, తెలుగు బోర్డులు, తెలుగు ముక్కలు మాట్లాడే దుకాణదారులు కనబడుతున్నారంటే, ఆ నిద్రల చలవ చాలా ఉంది. తొమ్మిది రోజులు ఒకే సందులో తిరిగితే పాలవాడు పలకరిస్తాడు, పడవవాడు ఎక్కువ చెప్పడం మానేస్తాడు, ఘాటులో ఏ మెట్టు నాచు పట్టి జారుతుందో చూడకుండానే కాలికి తెలుస్తుంది. అక్కడికి పొద్దున విమానంలో దిగి, దర్శనం చేసుకుని, హారతి చూసి, మర్నాటి విమానం ఎక్కేవాళ్లకు పుణ్యంలో వాటా తగ్గుతుందని నేననను గానీ, ఆ మెట్టు సంగతి మాత్రం తెలియదు.

ఈ సందర్భంలో ఏనుగుల వీరాస్వామయ్య గారిని తలచుకోకుండా ఉండలేను. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా (ఒకరి మాటను మరొకరి భాషలో చెప్పేవాడిగా) పనిచేసిన ఆయన 1830 మే 18న పరివారంతో కాశీకి బయల్దేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరారు. అంటే దాదాపు పదిహేనున్నర నెలల ప్రయాణం. ఏ మజిలీలో మంచినీళ్లు దొరుకుతాయి, ఎక్కడ అంగళ్లు ఉన్నాయి, ఏ ఏరు ఎలా దాటాలి, ఏ ఊరి జనం ఎలా బతుకుతున్నారు అన్న వివరాలతో ఆయన రాసుకున్నదంతా 1838లో అచ్చయింది; ఆనాటి తెలుగుదేశం గురించి తెలుసుకోవాలనుకునే చరిత్రకారులు నేటికీ దాన్ని తిరగేస్తూనే ఉన్నారు. ఆయనకు రైలు లేదు కాబట్టి నెమ్మదిగా వెళ్లారు, ఉంటే ఎక్కి ఉండేవారేమోనన్నది నిజమే. కానీ రోజుకు ఒక మజిలీ చొప్పున సాగే మనిషికి కనిపించినవి, రైలు కిటికీలోంచి చూసే మనిషికి కనిపించి ఉండేవి కావు.

ఇప్పుడు యూరప్‌లో ‘స్లో ట్రావెల్’ అన్న పేరుతో ఇదే సంగతి చెబుతున్నారు. 1986లో రోమ్ నగరంలోని స్పానిష్ మెట్ల పక్కన అమెరికా హాంబర్గర్ల దుకాణం తెరవడాన్ని నిరసిస్తూ కార్లో పెట్రీని, ఆయన మిత్రులు మొదలుపెట్టిన ‘స్లో ఫుడ్’ ఉద్యమం అక్కడి నుంచి ఊళ్లకూ, ప్రయాణాలకూ పాకింది. మంచిదే. కాకపోతే మన నిద్రలను మనం మానేశాక, అవే పరాయి పేరు పెట్టుకుని ఖరీదైన రిసార్టుల బ్రోచర్లలో మనకు తిరిగి అమ్ముడవుతుంటే కొంచెం నవ్వొస్తుంది.

నా అనుభవానికి వస్తాను. కిందటి నవంబరు చివర్లో నేనూ మా ఆవిడా అంబాజీపేటకు దగ్గరలోని ఒక ఊళ్లో, పిల్లలు విదేశాల్లో ఉండి ఒంటరిగా ఉంటున్న ఒక పెద్దావిడ ఇంటి ముందు వాటా అద్దెకు తీసుకుని ఎనిమిది రోజులు ఉన్నాం. గుంటూరు నుంచి రావులపాలెం మీదుగా బస్సులో వెళితే మధ్యాహ్నానికి చేరిపోయేవాళ్లమే. అయినా కావాలనే సామర్లకోట దాకా రైల్లో వెళ్లి, ద్రాక్షారామంలో ఆ రాత్రి ఉండి, మర్నాడు కోటిపల్లి రేవులో పంటు ఎక్కి ముక్తేశ్వరం వైపు దిగాం. ధవళేశ్వరం దగ్గర గోదావరి గౌతమిగా, వశిష్ఠగా చీలాక ఆ రెండు పాయలకూ సముద్రానికీ నడుమ మిగిలిన నేలే కోనసీమ కాబట్టి, అక్కడికి నీళ్ల మీదుగా వెళ్లడమే సబబని మా ఆవిడ వాదన.

పంటు అంటే మనుషుల్నీ బళ్లనూ ఒకే బల్ల మీదకు ఎక్కించుకుని ఏరు దాటించే పెద్ద పడవ. మేం ఎక్కేటప్పటికి అరటి గెలలు వేసిన టాటా ఏస్ ఒకటి, పెళ్లివారి ఆటో ఒకటి, అయిదారు మోటార్‌సైకిళ్లు ఉన్నాయి. పదిహేను నిమిషాలైనా కదలకపోయేసరికి బస్సు యాత్ర నేర్పిన అలవాటు కొద్దీ గడియారం చూసుకుని, ఎప్పుడు బయల్దేరుతుందని అడిగాను. ‘‘ఇంకో కారు వత్తందండి, అదెక్కగానే బయల్దేరిపోదామండి, ఆయ్’’ అన్నాడు పంటు మనిషి. ఆ కారు ఇంకో ఇరవై నిమిషాలకు వచ్చింది. నా పక్కన నిలబడిన ఒక టీచరమ్మ ఈలోగా తన స్కూటీ సీటు మీద నోటుపుస్తకాలు దొంతర పెట్టుకుని, ఎర్ర సిరా పెన్నుతో దిద్దుకోవడం మొదలుపెట్టింది. గాలికి కాగితాలు ఎగరకుండా ఎడమచేతి మోచేయి ఆనించి, కుడిచేత్తో టిక్కులు పెడుతోంది. ముప్పై నాలుగేళ్లు బడిలో పనిచేసిన నేను స్టాఫ్ రూములోనూ ఇంటి వరండాలోనూ పుస్తకాలు దిద్దాను గానీ గోదావరి మీద ఎప్పుడూ దిద్దలేదు. అవతలి ఒడ్డు వచ్చేసరికి ఆవిడ ఒక తరగతి లెక్కలు పూర్తి చేసి, పెన్ను జడలో గుచ్చుకుని, అందరికన్నా ముందు స్కూటీ దించుకుని వెళ్లిపోయింది.

ఉన్నది ఉన్నట్టు చెప్పాలంటే మొదటి రెండు రోజులు మాకు ఏమీ తోచలేదు. పొద్దున కాఫీ తాగి కాలవగట్టు మీద నడిచి వచ్చేసరికి ఎనిమిది. తర్వాత ఏం చేయాలో తెలియక పేపరు ప్రకటనలతో సహా చదివేశాను. అంతర్వేది వెళ్దామా, యానాం వెళ్దామా, దిండి వెళ్దామా అని ఫోన్‌లో దూరాలు చూస్తూ కూర్చున్నాను. మూడో రోజు ఇంటి వెనక కొబ్బరితోటలో దింపు పని, అంటే కాయలు కోసి దించే పని, పెట్టారు. కాళ్లకు తాడు మెలి వేసుకుని దింపు కార్మికుడు చెట్టెక్కడం సినిమాల్లోనూ చూస్తాం. ఒలుపు మాత్రం నేను దగ్గర నుంచి చూడటం అదే మొదటిసారి. నేలలో నిట్టనిలువుగా పాతిన పలుగు మొన మీద కాయను పొడిచి, ఒకసారి ఇటు, ఒకసారి అటు, మరొకసారి తనవైపు మెలితిప్పి, డొక్కను ఒక పక్కకూ కాయను ఒక పక్కకూ ఆ మనిషి విసురుతున్నాడు. అంతా కలిపి నేను ఊపిరి పీల్చి వదిలేంత సమయం. ఆ మొన అతని పొట్టకు జానెడు దూరంలో ఉంది, అతని చూపు మాత్రం పక్కవాడితో చెబుతున్న కబురు మీద ఉంది. మధ్యాహ్నం దాకా అక్కడే అరుగు మీద కూర్చున్నాను. కాయ ధర పడిపోయిన ఏడాది దింపు కూలి కూడా గిట్టుబాటు కాక కాయలు చెట్టునే ఎలా వదిలేస్తారో, నెలన్నర రెండు నెలలకోసారి వచ్చే దింపు డబ్బు మీద ఇంటి ఖర్చులు ఎలా ముడిపడి ఉంటాయో ఆ ఇంటావిడ చెప్పింది. అక్కడి నుంచి మాకు తోచకపోవడమన్నది లేదు. సార్వా (వానాకాలపు వరి) కోతలు జరుగుతున్న రోజులు కావడంతో చూడటానికి పొలం నిండా పని ఉంది, మాట్లాడటానికి అరుగు నిండా మనుషులు ఉన్నారు.

మేం బస చేసిన ఊరి నుంచి పి.గన్నవరం దగ్గరే. అక్కడ వైనతేయ పాయ మీదుగా కాలవను అవతలికి తీసుకుపోయే అక్విడక్టుకు డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. కారులో పోయేవాళ్లకు అది రెండు నిమిషాల వంతెన. సీతమ్మ గారిది లంకల గన్నవరం. వచ్చినవాళ్లకు వేళ చూడకుండా అన్నం పెట్టిన ఇల్లు. ఆవిడ గురించి అక్కడ ఇప్పటికీ ఒక కథ చెప్పుకుంటారు. అంతర్వేది స్వామిని చూడాలని ఒకసారి పల్లకీలో బయల్దేరి దారిలో ఆగినచోట, ఆకలితో ఏడుస్తున్న పిల్లలను వాళ్ల పెద్దలు ‘కాసేపట్లో గన్నవరం చేరతాం, సీతమ్మ తల్లి అన్నం పెడుతుంది’ అని ఊరుకోబెట్టడం ఆవిడ చెవిన పడిందట. వెంటనే పల్లకీ వెనక్కి తిప్పించి, వాళ్లకన్నా ముందే ఇల్లు చేరి వంట చేసిందట. నాకు ఈ కథలో ఆవిడ దయ ఎంత నచ్చుతుందో, ప్రయాణం మీద ఆవిడకున్న పట్టువిడుపు కూడా అంతే నచ్చుతుంది. మేమూ అంతర్వేది వెళ్లలేదు. ఎనిమిది రోజులుండి గంటన్నర దూరంలో ఉన్న అంతర్వేది చూడకుండా వచ్చారా అని మా వియ్యంకులు ఇప్పటికీ ఆశ్చర్యపోతున్నారు.

ఇలాంటి యాత్రకు కోనసీమే కావాలని లేదు. విశాఖపట్నం నుంచి అరకు కారులో ఒక్క రోజులో పోయి రావడం ఇప్పుడు మామూలైపోయింది. బొర్రా గుహలు, మ్యూజియం, బొంగు చికెన్, కాఫీ పొడి పొట్లం, రాత్రికి ఇల్లు. అదే కిరండూల్ పాసింజర్‌లో వెళితే పొద్దున బయల్దేరిన మనిషి అరకు చేరేసరికి పూట గడిచిపోతుంది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని రేవుకు చేర్చడానికి 1960లలో వేసిన ఆ కొత్తవలస–కిరండూల్ మార్గంలో 58 సొరంగాలు ఉన్నాయి. శివలింగపురం దాటాక రైలు కొండను పట్టుకుని ఎక్కుతూ 996 మీటర్ల ఎత్తున ఉన్న శిమిలిగూడ చేరుతుంది. 2017లో ఆ మార్గంలో అద్దాల పెట్టె ప్రవేశపెట్టారు, బాగానే ఉంటుంది. నా ఓటు మాత్రం మామూలు పెట్టెకే. బుట్టలతో ఎక్కి దిగే మన్యం ఆడవాళ్ల మాటలు అద్దాల పెట్టెలోకి వినిపించవు. ఇక అరకులో మూడు రాత్రులు ఉండగలిగితే, ఒక వారపు సంత తగిలేలా రోజులు చూసుకుని, మిగిలిన సమయమంతా కాఫీ తోటలకు వదిలేయవచ్చు. శీతకాలమైతే పండ్లు కోసి, తొక్క తీసి, ఎండబోసే పని కళ్లముందే జరుగుతుంది.

తెలంగాణలో భూదాన్ పోచంపల్లి సంగతి కూడా ఇలాంటిదే. 1951 ఏప్రిల్‌లో వినోబా భావే భూదానోద్యమం మొదలైన ఊరు. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా గుర్తించిన ఊరు. హైదరాబాద్‌కు దగ్గర కావడమే దానికి శాపమైంది, గంటలో వచ్చి, చీర కొని, గంటలో పోతారు. చీర మీద కనిపించే పువ్వు మగ్గం మీద పుట్టదనీ, నేతకు ముందే నూలును లెక్క ప్రకారం చిటికి కట్టి (రంగు అంటకూడని చోట దారంతో బిగించి), రంగులో ముంచి, విప్పి, మళ్లీ కట్టి సిద్ధం చేస్తారనీ గంటలో ఎవరు చెబుతారు, ఎవరు వింటారు? అంతకన్నా ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో నిలబెట్టిన మేకుల చుట్టూ దారాన్ని అటూ ఇటూ వేలసార్లు తిప్పే పని అది. ఆ పనితో తల్లి భుజాలు పడిపోవడం చూసి ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం గారు ఆసు యంత్రం తయారుచేశారు, 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ ఊళ్లో రెండు పూటలు కూర్చుని ఒక చీర ఎంత దూరం నడిచి వస్తుందో చూసినవాళ్లు బేరమాడే గొంతు కొంచెం తగ్గుతుందని నా నమ్మకం.

‘మాకు దొరికేదే నాలుగు రోజుల సెలవు, అందులో ఒకే ఊళ్లో కూర్చుంటే ఎలా?’ అని ఉద్యోగాలు చేసుకునేవాళ్లు అడుగుతారు. మా అబ్బాయే అడిగాడు. నాలుగు రోజులే ఉన్నప్పుడు నాలుగు ఊళ్లు పెట్టుకుంటే రెండు రోజులు బస్సులో పోతాయన్నది నా జవాబు. వాడికి అది ఇంకా ఎక్కినట్టు లేదు. ఖర్చు మాటకు వస్తే, మా ఇద్దరి ఎనిమిది రోజులకూ అయింది బస్సు యాత్రలో మా ఇద్దరి వాటాకు సగం కన్నా కాస్త ఎక్కువ. డీజిలు లేదు, రోజుకో లాడ్జి లేదు.

ఒక్క విషయంలో మాత్రం హెచ్చరించాలి. ఇల్లు అద్దెకు తీసుకుని తీరిగ్గా గడపడమన్నది మగవాళ్లకు ఎంత అందంగా వినిపిస్తుందో ఆడవాళ్లకు అంత అందంగా వినిపించదు. వంటగది ఊరు మారిందే గానీ వంట మారలేదంటే ఆమెకు అది ఏ రకం సెలవు? మా ఆవిడ బయల్దేరే ముందే ఈ సంగతి తేల్చేసింది. ఆ వీధి చివర ఇంట్లో వండి ఇచ్చేవాళ్లను చూసుకుని రెండు పూటలా క్యారేజీ తెప్పించుకున్నాం; తేవడం, గిన్నెలు కడిగి తిరిగి ఇవ్వడం నా వంతు. పనసపొట్టు కూర, కంద బచ్చలి ఆ క్యారేజీలోనే వచ్చాయి, ఏ హోటల్లోనూ అడిగినా దొరికేవి కావు.

పర్యాటక శాఖల వారికి నా విన్నపాలు పెద్దవి కావు. యాత్రల పట్టికల్లో ప్రదేశాల సంఖ్యతోపాటు ఒకే ఊళ్లో మూడు నిద్రలు ఉండే యాత్రలు కూడా కొన్ని చేర్చాలి. ఖాళీగా ఉన్న పెంకుటిళ్లు, మండువా ఇళ్లు కోనసీమలో చాలా ఉన్నాయి. వాటి యజమానులకు హోమ్‌స్టే రిజిస్ట్రేషన్ సులువు చేసి, మరుగుదొడ్డి, తాగునీరు, ఒంటరి ఆడవాళ్ల భద్రత వంటివి తనిఖీ చేస్తే ఊళ్లో డబ్బు ఊళ్లోనే తిరుగుతుంది. పంటులూ పడవలూ నడిచే ప్రతి రేవులోనూ సరిపడా లైఫ్ జాకెట్లు ఉండాలి, అవి గోడకు వేలాడకుండా మనుషుల ఒంటి మీద ఉండాలి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో జరిగిన పడవ ప్రమాదాన్ని ఎవరమూ మరిచిపోలేదు. కరోనా తర్వాత చిన్న స్టేషన్లలో ఎత్తేసిన పాసింజర్ హాల్టుల్లో కొన్నింటినైనా రైల్వేవారు తిరిగి ఇస్తే, కారు లేనివాడికి కూడా చిన్న ఊరు అందుబాటులోకి వస్తుంది. 2027లో గోదావరి పుష్కరాలు రానున్నాయి. లక్షల మంది ఒక మునకకు వచ్చి అదే పూట వెనక్కి పోవడానికి రోడ్లు వెడల్పు చేయడం ఎలాగూ జరుగుతుంది. ఉండాలనుకునేవాళ్ల కోసం పాత సత్రాలకు వెల్ల వేయించి, చిన్న రేవులను బాగుచేయించే పని కూడా ఇప్పుడే మొదలుపెడితే బాగుంటుంది.

వెళ్లేవాళ్లకూ ఒక మాట. కనుమనాడు కోనసీమలోని జగ్గన్నతోట ప్రభల తీర్థానికి జనం మధ్యాహ్నం కార్లలో వచ్చి, ప్రభలను మోస్తూ కౌశిక కాలవ దాటే దృశ్యాన్ని ఫోన్‌లో పట్టుకుని సాయంత్రానికి వెళ్లిపోతున్నారు. నాలుగు రోజుల ముందు వెళ్లినవాళ్లకు వెదుళ్లు చీల్చడం, చట్రం బిగించడం, రంగుల గుడ్డలు చుట్టడం దగ్గర నుంచి ఆ ప్రభ తయారయ్యే తీరంతా కనిపిస్తుంది. అయితే అలా ఉండేవాళ్లు ఆ ఊరి మర్యాద ఎరిగి ఉండాలి. కాలవగట్టున సీసాలు పగలగొట్టే విహారులు ఒక్క పూట వచ్చి పోవడమే ఊరికి మేలు.

ఈ నవంబరులో మేం మళ్లీ అదే ఇంటికి వెళ్తున్నాం. ఈసారి మనవడు కూడా వస్తానన్నాడు, పంటు ఎక్కించాలన్న షరతు మీద. ఆ ఇంటి పెద్దావిడ మొన్న ఫోన్ చేసి, ‘‘మాస్టారూ, వచ్చేటప్పుడు మీ గుంటూరు ఎండుమిరపకాయలు రెండు కేజీలు తెండి, డబ్బులిచ్చేత్తాను’’ అని చెప్పారు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
గుంటూరు.